వాషింగ్ మెషిన్ నుంచి నిప్పు పుట్టకుండా ఇంట్లో చేయవలసిన తనిఖీలు

వాషింగ్ మెషిన్‌లో నీళ్ళు ఉండేది టబ్బులో మాత్రమే. ప్లగ్గు, లోపలి వైర్ల జాయింట్లు, సర్క్యూట్ బోర్డు, డోర్ లాక్, మోటారు, మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్ (విద్యుత్తును నిల్వ ఉంచే చిన్న భాగం) వంటివన్నీ ఆ టబ్బుకు బయట ఉంటాయి కనుక, వాటిలో ఏ ఒక్కటి నిప్పు రాజేసినా టబ్బు నిండా ఉన్న నీళ్ళు దాన్ని ఆర్పలేవు. పైగా చాలా మెషిన్లలో నీటిని పట్టి ఉంచే బయటి టబ్బు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతుంది. అది ఒకసారి అంటుకుంటే కరిగి, మండుతున్న చుక్కలుగా కిందికి కారుతూ, చిక్కటి నల్లని పొగను వదులుతుంది. పైకి ఇనుప రేకు మాత్రమే కనిపించే మెషిన్ లోపల ఇంత మండే సరుకు ఉందని తెలిస్తే, కింద చెప్పే జాగ్రత్తలు అతిగా అనిపించవు.

చాలామంది ఈ విషయంలో మెషిన్ లోపలి భాగాల గురించే భయపడతారు. అసలు ముందుగా చూడవలసింది గోడకున్న సాకెట్‌ను. అందుకే ఈ మార్గదర్శిలో తనిఖీ గోడ దగ్గర మొదలై, మెషిన్ చుట్టూ తిరిగి, చివరకు మెషిన్ లోపలికి వెళ్తుంది. లోపలి పని ఎలాగూ మెకానిక్‌ది. గోడ దగ్గరి పని చాలావరకు ఇంట్లోవారిదే.

ఎంసీబీ ఉన్నా నిప్పు ఎలా పుడుతుంది

నీటిని వేడి చేసే హీటర్ ఉన్న మెషిన్లలో ఆ హీటర్ సాధారణంగా 1800 నుంచి 2200 వాట్ల మధ్య ఉంటుంది. 230 వోల్టుల సరఫరా ఉన్న ఇంట్లో అది సుమారు 8 నుంచి 10 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. హీటర్ లేని మెషిన్లు సాధారణంగా కొన్ని వందల వాట్లతోనే సరిపెట్టుకుంటాయి కనుక వాటి ప్లగ్గు దగ్గర ప్రమాదం తక్కువ, అయితే పూర్తిగా లేకపోలేదు.

ప్లగ్గు పిన్నుకూ సాకెట్‌లోని ఇత్తడి రేకుకూ మధ్య పట్టు వదులైతే ఆ చోట విద్యుత్తుకు అడ్డంకి పెరుగుతుంది. పుట్టే వేడి ఆ అడ్డంకిని విద్యుత్తు వర్గంతో గుణిస్తే వచ్చినంత ఉంటుంది. 9 ఆంపియర్లు ప్రవహిస్తున్నప్పుడు కేవలం 0.3 ఓముల అడ్డంకి ఉన్న చోట 24 వాట్లకు పైగా వేడి పుడుతుంది. రేడియోలు బాగుచేసేవారు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి కూడా అంతే, అంటే ఆ ఐరన్ మొనను సాకెట్ లోపల ప్లాస్టిక్‌కు ఆనించి అరగంట సేపు ఉంచినట్టే. మామూలు ఇళ్ళ వైర్ల మీదుండే పీవీసీ తొడుగు నిరంతరం తట్టుకోగలిగేది 70 డిగ్రీల సెల్సియస్ వరకే. వేడికి తొడుగు గట్టిపడి బీటలు వారుతుంది, రేకు స్ప్రింగు గుణం పోయి మరింత వదులవుతుంది, లోహం మీద ఆక్సైడు పొర పేరుకుంటుంది, దాంతో అడ్డంకి ఇంకా పెరుగుతుంది. ఇలా కొన్ని నెలల పాటు సాగిన తరువాత ఒక రోజు ఆ చోటు ఎర్రగా కాలుతుంది.

ఈ వ్యవహారమంతా ఎంసీబీకి, అంటే మెయిన్ బోర్డులో ఉండి అవసరమైనప్పుడు దానంతటదే పడిపోయి సరఫరా తెంచే స్విచ్చికి, కనబడదు. ఎంసీబీ చూసేది విద్యుత్తు పరిమితికి మించి పెరిగిందా అన్నదొక్కటే. వదులు కాంటాక్టు వల్ల మెషిన్ తీసుకునే విద్యుత్తు పెరగదు సరికదా, అడ్డంకి పెరిగినందుకు రవ్వంత తగ్గుతుంది కూడా. లీకేజీ ఉంటే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ చూసేది ఫేజులో వెళ్ళిన విద్యుత్తూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన విద్యుత్తూ సమానంగా ఉన్నాయా లేదా అని. ఇక్కడ భూమిలోకి లీకేజీ ఏమీ లేదు కనుక అది కూడా పడిపోదు. నిప్పురవ్వలను గుర్తించే ఏఎఫ్‌డీడీ అనే పరికరం కొన్ని దేశాల్లో వాడుకలో ఉంది, అమర్చుకోగలిగితే మంచిదే. అది లేని ఇళ్ళలో ఈ లోపాన్ని పట్టుకోగలిగినవి మనిషి చెయ్యి, కన్ను, ముక్కు మాత్రమే. కాలిపోయిన తరువాత అందరూ షార్ట్ సర్క్యూట్ అంటారు. చాలా సందర్భాల్లో షార్ట్ సర్క్యూట్ చివర్లో జరిగేదే తప్ప మొదటి కారణం కాదు.

మొదటి అడుగు: ప్లగ్గునూ సాకెట్‌నూ పరీక్షించడం

మీ మెషిన్‌లో ఉన్న అత్యధిక ఉష్ణోగ్రత ప్రోగ్రామును ఎంచుకుని నడపండి. హీటర్ ఎక్కువగా పనిచేసేది ఉతుకు మొదటి భాగంలో కనుక, మొదలుపెట్టిన ఇరవై ముప్పై నిమిషాలకు మెషిన్‌ను ఆపి, గోడ దగ్గర స్విచ్చి తీసి, ప్లగ్గును బయటికి లాగండి. స్విచ్చి లేని సాకెట్ అయితే మెషిన్ మీద ఉన్న పవర్ బటన్ నొక్కి ఆపిన తరువాతే లాగాలి. వెంటనే పొడి చేతి వేలి వెనుక భాగంతో ఒక్కొక్క పిన్నునూ తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు నిలపలేనంత వేడిగా ఉన్నా, ఒక పిన్ను మరో దానికంటే స్పష్టంగా వేడిగా ఉన్నా ఆ సాకెట్‌ను ఇక వాడకూడదు.

తరువాత వెలుతురులో పిన్నులను చూడండి. ఒకటి మెరుస్తూ మరొకటి నల్లబడి లేదా గుంటలు పడి ఉండటం, సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మరక, ప్లగ్గు ముఖం మెత్తబడి వంకర తిరగడం, ఇవన్నీ వేడి ఇప్పటికే పని మొదలుపెట్టిందనడానికి గుర్తులు. ప్లగ్గు దూర్చేటప్పుడు గట్టి పట్టు తెలియాలి. తన బరువుకే వేలాడుతూ బయటికి వచ్చే ప్లగ్గు, కదిపితే చిటపటమనే ప్లగ్గు పనికిరావు. సాకెట్లలో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్ వేడెక్కితే కుళ్ళిన చేప వాసన వస్తుంది. ఆ గదిలో చేప లేకుండానే ఆ వాసన వస్తోందంటే వంటగదిలో వెతకడం మాని స్విచ్చి బోర్డు దగ్గరికి వెళ్ళాలి.

లోపం కనబడితే సాకెట్‌నూ ప్లగ్గునూ రెంటినీ కలిపి మార్పించాలి. ఇక్కడ పొదుపు చేయడం తెలివైన పని కాదు. కాలిన సాకెట్‌లో కొత్త ప్లగ్గు పెడితే కొత్త పిన్ను పాడవుతుంది, గుంటలు పడిన పాత పిన్నును కొత్త సాకెట్‌లో పెడితే కొత్త రేకు వదులవుతుంది. పిన్ను చీలికలో కత్తి మొన దూర్చి విడదీసి బిగుతు చేయడం, నల్లబడిన పిన్నును గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వాడటం, పట్టు కోసం కాగితం మడత దూర్చడం వంటి ఇంటి వైద్యాలు లోపాన్ని కప్పిపుచ్చుతాయే తప్ప తొలగించవు. సాకెట్ మార్చే ఎలక్ట్రీషియన్‌ను వెనుక టెర్మినల్ స్క్రూలు ఎంత వదులుగా ఉన్నాయో, వైరు చివర ఎంత మేర నల్లబడిందో చూపమని అడగండి. నల్లబడిన చివరను కత్తిరించి, శుభ్రమైన రాగి కనిపించే వరకు తొడుగు ఒలిచి, అప్పుడు బిగించాలి. ఈ పనికి ముందు ఆ సర్క్యూట్ ఎంసీబీని దించి, టెస్టరుతో సరఫరా లేదని తేల్చుకోవాలి.

ఈ పరీక్షను ఆరు నెలలకోసారి చేస్తే చాలు. ఇల్లు మారినప్పుడు, మెషిన్‌ను కదిపినప్పుడు మాత్రం వెంటనే చేయాలి.

రెండవ అడుగు: సరఫరా దారిని సరిచేయడం

హీటర్ ఉన్న మెషిన్‌ను ఎక్స్‌టెన్షన్ బోర్డుకూ మల్టీప్లగ్గుకూ తగిలించకూడదు. అదనంగా చేరే ప్రతి బోర్డూ మరికొన్ని కాంటాక్టులను చేరుస్తుంది, ప్రతి కాంటాక్టూ పైన చెప్పిన కథకు మరో అవకాశం. పెద్ద పిన్నుల ప్లగ్గును చిన్న సాకెట్‌లో పెట్టడానికి వాడే అడాప్టర్ వీటన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే అది 16 ఆంపియర్ల కోసం చేసిన ప్లగ్గును అంత విద్యుత్తు మోయలేని సాకెట్‌కు అతికిస్తుంది. తప్పనిసరై తాత్కాలికంగా ఎక్స్‌టెన్షన్ వాడవలసి వస్తే అది మూడు పిన్నులది, మెషిన్ తీసుకునే పూర్తి విద్యుత్తుకు సరిపడేది అయి ఉండాలి. చుట్ట చుట్టిన వైరును పూర్తిగా విప్పాలి, చుట్టలో వేడి బయటికి పోయే దారి ఉండదు.

మెషిన్‌కు ప్రత్యేకంగా ఒక సర్క్యూట్ ఉండటం ఉత్తమం. 230 వోల్టుల సరఫరాలో 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ ఇందుకు సాధారణంగా సరిపోతాయి. ఎంసీబీ తరచూ పడిపోతోందని దాని స్థానంలో పెద్దది పెట్టించడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి; వైరు మార్చకుండా ఎంసీబీ సామర్థ్యం పెంచితే ఇక కాలేది గోడ లోపలే.

30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మనుషులకు షాకు తగలకుండా కాపాడటంతో పాటు, హీటర్ కడ్డీ పగిలి విద్యుత్తు నీటిలోకి లీకైనప్పుడు సరఫరాను తెంచుతుంది. నీటిలోని సున్నం హీటర్ మీద పొరగా పేరుకుంటే వేడి నీటిలోకి పోక కడ్డీలోనే నిలిచి, చివరకు అది పగులుతుంది. మెషిన్ వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతోందంటే అది ఒక లోపాన్ని చూపిస్తోందని అర్థం. దాన్ని తప్పించి నేరుగా కనెక్షన్ ఇచ్చే వారిని ఇంట్లోకి రానివ్వకండి. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్‌ను తయారీదారు చెప్పిన వ్యవధి ప్రకారం నొక్కి అది పడుతోందో లేదో చూస్తుండాలి. ఎర్తింగ్ వైరును గ్యాసు పైపుకు కట్టడం, ఎర్త్ లేదని సాకెట్ లోపల న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలపడం రెండూ ప్రాణాంతకం.

మూడవ అడుగు: మెషిన్ చుట్టూ ఉన్న స్థలం

సాకెట్ నీటి కుళాయికి సరిగ్గా కింద ఉండకూడదు. వాషర్ అరిగి పైపు చుక్కచుక్కగా కారితే ఆ నీరు వైరు వెంట జారి ప్లగ్గులోకి చేరుతుంది. అందుకే వైరును సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగేలా వదలాలి, అప్పుడు చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. వైరు మెషిన్ వెనుక నలగకుండా, పాదాల కింద పడకుండా చూడాలి.

కొత్త మెషిన్ బిగించినప్పుడు డ్రమ్మును రవాణా కోసం కదలకుండా పట్టి ఉంచిన ట్రాన్సిట్ బోల్టులను తీశారో లేదో అడిగి తెలుసుకోండి. అవి ఉండగా నడిపితే మెషిన్ గంతులు వేస్తుంది, ఆ కుదుపులకు లోపలి వైర్లు రేకు అంచులకు రాసుకుని తొడుగు అరుగుతుంది. పాదాలు సమంగా లేకపోయినా నెమ్మదిగా జరిగేది అదే.

కింది భాగం తెరిచి ఉన్న మెషిన్లలోకి ఎలుకలు చేరతాయి, వెచ్చగా ఉండే చోటు వెతుక్కుని వైర్ల తొడుగు కొరుకుతాయి. మెషిన్ మోడల్‌కు తగిన అడుగు మూతను తయారీ సంస్థ సర్వీసు కేంద్రం ద్వారా బిగించుకోవడం మంచిది. ఏ తివాచీనో, గుడ్డనో అడుగున పరిచి గాలి దారులు మూసేయకూడదు. వెనుకా కిందా పేరుకునే దారపు నూగు చాలా సులభంగా అంటుకుంటుంది కనుక ప్లగ్గు తీసి, మెషిన్‌ను ముందుకు జరిపి, అప్పుడప్పుడు ఊడ్చాలి. మెషిన్ మీద పాత కాగితాలు, కిరోసిన్ డబ్బా, స్ప్రే సీసాలు పెట్టే అలవాటు ఉంటే మానుకోవాలి.

నాలుగవ అడుగు: డ్రమ్ములోకి ఏమి వెళ్తోందో చూడటం

పెట్రోలు, థిన్నర్, కిరోసిన్ వంటివి పడిన బట్టలను మెషిన్‌లో వేయకూడదు. వాటి ఆవిరి గాలికంటే బరువైనది, మూసిన డ్రమ్ములోనూ మెషిన్ అడుగునా నిలిచిపోతుంది. మోటారు కార్బన్ బ్రష్షుల దగ్గరో, ఏదో స్విచ్చి దగ్గరో పుట్టే చిన్న రవ్వ దానికి చాలు. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకోగలదు, కాబట్టి చల్లని నీటితో ఉతుకుతున్నాం కదా అన్న సమాధానం పనికిరాదు. అలాంటి బట్టను ఆరుబయట, నిప్పుకు దూరంగా ఆరవేసి వాసన పూర్తిగా పోయాక చేత్తో ఉతకాలి. ఖరీదైన బట్ట కాకపోతే పారవేయడమే సులువు.

వంటనూనె, మర్దనా నూనె, చెక్కకు పూసే అవిసెనూనె పట్టిన గుడ్డల సంగతి వేరు. వీటిలోని నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ తనంతట తానే వేడిని పుట్టిస్తుంది. విడిగా ఆరవేస్తే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. కుప్పగా పోస్తే మధ్యలో నిలిచి, కొన్ని గంటల తరువాత ఎవరూ ముట్టించకుండానే కుప్ప అంటుకోవచ్చు. ఒక్క ఉతుకుతో నూనె పూర్తిగా పోదు. అందువల్ల ఇటువంటి తువ్వాళ్ళను డ్రయ్యర్‌లో వేయడం, వేడివేడిగా తీసి బుట్టలో కుక్కడం రెండూ ప్రమాదమే. వేడి నీటితో, ఎక్కువ డిటర్జెంటుతో ఉతికి, తాడు మీద విడివిడిగా ఆరవేయాలి. అవిసెనూనె గుడ్డలనైతే మెషిన్ దరిదాపులకు రానివ్వక, బయట పరిచి గట్టిపడే వరకు ఆరనిచ్చి పారవేయాలి.

జేబులు వెతకడం ఎలాగూ అందరూ చేసేదే, కాకపోతే ఇప్పుడు అందులో దొరికేది చిల్లర మాత్రమే కాదు. సిగరెట్ లైటర్, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు, వాటి డబ్బా డ్రమ్ములో చేరితే లిథియం బ్యాటరీ నలిగి మండవచ్చు. పొరపాటున ఉతికేసిన అలాంటి వస్తువును ఆరబెట్టి మళ్ళీ చార్జింగు పెట్టకండి. పైకి బాగానే కనిపించినా లోపలి పొర దెబ్బతిని ఉండవచ్చు.

ఇంట్లో వేడి నీటి ట్యాంకు రెండు వారాలకు మించి వాడకుండా ఉంటే అందులో హైడ్రోజన్ వాయువు చేరే అవకాశం ఉందని చాలా మెషిన్ల మ్యాన్యువళ్ళు హెచ్చరిస్తాయి. ఆ పైపును మెషిన్‌కు కలిపి ఉంటే, ఊరి నుంచి తిరిగి వచ్చాక ముందుగా వేడి నీటి కుళాయిలన్నీ కొన్ని నిమిషాలు తెరిచి వదలాలి. ఆ సమయంలో దగ్గరలో దీపం గానీ సిగరెట్టు గానీ ఉండకూడదు.

ఐదవ అడుగు: నడుస్తున్నప్పుడు

ఇంట్లో ఎవరో ఒకరు మేలుకుని ఉన్నప్పుడే మెషిన్ నడపాలి. రాత్రి వేసి పడుకోవడం, బయటికి వెళ్తూ టైమరు పెట్టడం సౌకర్యమే, అయితే ముందే చెప్పినట్టు ఈ లోపాలను మొదట పసిగట్టేది మనిషే కనుక, ఆ మనిషి నిద్రలోనో బజారులోనో ఉంటే ఇక తెలిసేది పొగ వచ్చాకే. మెషిన్ ఉన్న చోటికి దగ్గరలో, పడకగదికి వెళ్ళే దారిలో, పొగ అలారం బిగించుకోండి.

రబ్బరు కాలిన వాసన వస్తే బెల్టు జారుతోందని, మోటారు మూలుగుతున్నా డ్రమ్ము తిరగకపోతే మోటారో కెపాసిటరో పాడైందని అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ వెంటనే ఆపాలి. ఈ ఉతుకు పూర్తయ్యాక చూద్దాం అనుకునే ఆ గంటలోనే మోటారు చుట్టలు మాడిపోతాయి. ఉతుకు పూర్తయ్యాక గోడ దగ్గర స్విచ్చి తీయడం, కుళాయి కట్టడం అలవాటు చేసుకోవాలి. మెషిన్‌లోనే ఆరబెట్టే సౌకర్యం కూడా ఉంటే చివర్లో వచ్చే చల్లబరిచే దశను మధ్యలో ఆపకూడదు. ఆపవలసి వస్తే వేడి బట్టలను వెంటనే బయటికి తీసి పరచాలి.

ఆరవ అడుగు: మెషిన్ లోపలి లోపాలు, రీకాల్‌లు

కొన్ని లోపాలు ఇంట్లోవారి జాగ్రత్తకు అందవు. 2013లో శాంసంగ్ ఆస్ట్రేలియాలో కొన్ని టాప్‌లోడ్ మెషిన్లను వెనక్కి పిలిచింది. లోపలి ఒక కనెక్టర్‌లోకి తేమ చేరడం వాటిలో సమస్య. వర్ల్‌పూల్ సంస్థ 2014 నుంచి బ్రిటన్‌లో అమ్మిన కొన్ని హాట్‌పాయింట్, ఇండెసిట్ మెషిన్లలో, హీటర్ పనిచేసేటప్పుడు డోర్ లాక్‌లోని ఒక భాగం వేడెక్కుతోందని 2019 డిసెంబరులో ప్రకటించింది. వాటిని బాగుచేసే వరకు వాడక తప్పకపోతే 20 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలోనే ఉతకమని సలహా ఇచ్చింది, హీటర్ పనిచేయకుండా ఉండేందుకే ఆ సలహా. 2022 డిసెంబరులో అమెరికాలో సుమారు 6,63,500 శాంసంగ్ మెషిన్లను రీకాల్ చేసినప్పుడు మరమ్మతు సాఫ్ట్‌వేర్ మార్పుతోనే జరిగింది.

ఇటువంటి కబురు మీకు అందాలంటే మెషిన్ కొన్నప్పుడే మోడల్ నంబరు, సీరియల్ నంబరు తయారీ సంస్థ దగ్గర నమోదు చేయాలి. పాత మెషిన్ కొనుక్కున్నవారు తలుపు అంచున గానీ వెనుక గానీ ఉండే స్టిక్కరును ఫోటో తీసి, ఆ నంబరుతో సంస్థ రీకాల్ పేజీలో వెతకాలి.

మెకానిక్ వచ్చినప్పుడు మూడు విషయాల్లో పట్టుబట్టండి. హీటర్‌కున్న థర్మల్ ఫ్యూజును, అంటే వేడి మితిమీరితే సరఫరా తెంచే భాగాన్ని, తీసేసి వైరుతో కలపకూడదు. ఉబ్బిన కెపాసిటర్ స్థానంలో అదే విలువ, అంతకు తగ్గని వోల్టేజీ ఉన్నదే పెట్టాలి. తెగిన వైర్లను మెలితిప్పి టేపు చుట్టకుండా కనెక్టర్‌తో కలపాలి. మీరు మాత్రం వెనుక మూత విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్‌లో షాకు కొట్టగల చార్జి నిలిచి ఉండవచ్చు.

పొగ వస్తే

మొదట మెయిన్ బోర్డు దగ్గర సరఫరా తీయండి. పొగ వస్తున్న సాకెట్ మీద, దాని స్విచ్చి మీద చెయ్యి వేయవద్దు. మెషిన్ తలుపు తెరవకండి, తెరిస్తే లోపల గాలి అందక కునుకుతున్న మంట ఒక్కసారిగా లేస్తుంది. అందరినీ బయటికి పంపి, ఆ గది తలుపు మూసి, బయటి నుంచి అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి. మంట చిన్నదై, బయటికి వెళ్ళే దారి మీ వెనుకే ఉండి, చేతిలో కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రసాయనం ఉన్న ఆర్పే పరికరం ఉంటే మాత్రమే ప్రయత్నించవచ్చు. పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి అటూ ఇటూ ఊపాలి. ఒక సిలిండరుతో ఆరకపోతే అక్కడితో వదిలి బయటికి రావాలి. ప్లాస్టిక్ పొగ మంటకంటే ముందే స్పృహ తప్పిస్తుంది. సరఫరా తీశామన్న నిశ్చయం లేకుండా నీళ్ళు చల్లకూడదు. అపార్టుమెంట్లలో దిగడానికి లిఫ్టు వాడకూడదు.

మంట ఆరినట్టు కనిపించినా కరిగిన ప్లాస్టిక్ అడుగున వేడి దాగి మళ్ళీ రాజుకోవచ్చు కనుక అగ్నిమాపక సిబ్బంది చూసే వరకు మెషిన్‌ను తెరవడం, కదపడం చేయకండి. ఆ తరువాత కూడా ఆ సర్క్యూట్ ఎంసీబీని దించే ఉంచి, సాకెట్ నుంచి బోర్డు వరకు గోడలో ఉన్న వైరును ఎలక్ట్రీషియన్ చేత ఇన్సులేషన్ పరీక్ష చేయించాకే మళ్ళీ సరఫరా ఇవ్వాలి.